ఎడమ దీపం వేసిన నీడ

నాకు ఎవరూ ఏదీ చెప్పరు. మా చిన్నాన్న కొడుకు రమణ, రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్ళ ఇంటి వెనక నిలబెట్టి ఉంచిన పాత లారీని తుక్కు కింద కోయించేస్తున్నాడన్న సంగతి కూడా గోల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టతను చెబితే తెలిసింది. నేను కుక్కర్ రబ్బరు కొనడానికి వెళ్ళాను. చిల్లర ఇస్తూ, సోమవారం గ్యాస్ కట్టర్ల వాళ్ళు వస్తున్నారట కదా అన్నాడు. ఆ లారీకి మొదటి వైరింగ్ చేసింది నేను. ఆ లారీ మూలంగా యాభై ఏళ్ళుగా ఒక పేరు మోస్తున్నదీ నేనే. దాన్ని ముక్కలు చేసేముందు నాతో ఒక మాట అనాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. రబ్బరు సంచిలో పడేసి, ఆ కొట్టు మెట్ల మీద నిలబడే రమణకు ఫోన్ చేశాను.

"దాంతో మీకేటి పని అన్నయ్యా? కబాడీయే కదా అది, పాత ఇనుము," అన్నాడు.

"దాని ఎడమ లైటు చూడాలి."

"లైటా? బ్యాటరీయే లేదు దానికి. ఇంజన్లో ఎలకలు సంసారం చేస్తున్నాయి."

"మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా. దాని బ్యాటరీ చాలు."

"అచ్ఛా… సరే, ఆదివారం రండి," అన్నాడు. ఫోన్ పెట్టేయడం మరిచిపోయి పెళ్ళాంతో, "సనక్ గయే హైఁ," అనడం కూడా వినబడింది. పిచ్చెక్కింది అని. విన్నాను. గుర్తు పెట్టుకున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, రైల్వేలో పెట్టెలకు దీపాలు చూసే ఫిట్టరు అయ్యాడు. అప్పటి పెట్టెల కింద పెద్ద పెద్ద బ్యాటరీలు ఉండేవి. వాటి యాసిడ్ చిట్లి నాన్న చొక్కాలన్నీ జల్లెడలా ఉండేవి. మా అమ్మ ఆదివారం మధ్యాహ్నం అంతా వాటికి మాసికలు వేస్తూ కూర్చునేది. డ్యూటీ దిగి ఇంటికి రాగానే నాన్న గుమ్మం బయటే తినే సోడాతో చేతులు కడుక్కునేవాడు. చేతుల మీద అది బుసబుస పొంగేది. ఆ పులుపు వాసన, బొగ్గుల కుంపటి పొగ, నూనెలో వేగుతున్న ఎండుచేపల వాసన కలిస్తే మాకు సాయంత్రం అయినట్టు. రైల్వే క్వార్టర్ల వరస మొత్తం ఒకేసారి కుంపట్లు అంటించేది. రైలింజన్ల షెడ్డు నుంచి వచ్చే బొగ్గు, పొగ ఎక్కువ, మంట తక్కువ. ఆ పొగ పైకి లేవకుండా ఇళ్ళ మధ్య నడుం ఎత్తున పరుచుకుని ఉండేది. ఎదురింటి వాళ్ళు నడుస్తుంటే కాళ్ళు లేని మనుషులు తేలుతున్నట్టు కనిపించేవారు. ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. ఆ పొగలో పెరిగిన మాకు తెల్లటి సాయంత్రాలు ఇంకా అలవాటు కాలేదు.

రమణ వాళ్ళ నాన్న, రామ్మూర్తి చిన్నాన్నకు రైల్వే ఉద్యోగం రాలేదు. మాతోపాటే క్వార్టర్‌లో ఉంటూ పాత లారీ ఒకటి కొని, సీపత్ దారిలో ఉన్న ఊళ్ళ నుంచి ధాన్యం బస్తాలు వేసుకొచ్చేవాడు. అది కొనడానికి ఏడాది ముందు ఆయన భార్య సత్యవతి పిన్ని కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. మా శ్రీకాకుళం వైపు, భర్త బతికుండగా పసుపు కుంకుమలతో పోయిన ఆడమనిషి ఇంటికి పేరంటాలు అవుతుంది. ఆమె ఎక్కడికీ పోదు, ఇంటిని కనిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. మా వంటింటి మూల పీట మీద ఆమె చీర ముక్క ఒకటి పసుపులో తడిపి, మడత పెట్టి, ముందు దీపం పెట్టేవారు. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా ముందు ఆ పీటకు చూపించాలి. నా పరీక్ష మార్కుల కాగితం కూడా చూపించేవారు. లారీ వచ్చినప్పుడు దాన్ని వంటింట్లోకి తేలేరు కదా. అందుకని చిన్నాన్న దాని నుదుటి మీద హిందీ అక్షరాలతో 'సత్య' అని రాయించాడు.

నాకప్పుడు పదిహేడేళ్ళు. సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పని నాది. లారీ వైరింగ్ అంతా కుళ్ళిపోయి ఉంటే పదిహేను రోజులు కూర్చుని కొత్తగా వేశాను. ఆఖరి రోజు సాయంత్రం లారీని మా వరస చివర సున్నం కొట్టిన పెద్ద గోడకు ఎదురుగా నిలబెట్టాం. మీటరు మా ఇంట్లో ఎక్కడిది? నాన్నకు ఒక పరీక్ష ఉండేది. రెండు దీపాలూ వేసి, లారీ ముందు సరిగ్గా మధ్యలో ఒక మనిషిని నిలబెట్టేవాడు. గోడ మీద మనిషికి రెండు నీడలు పడతాయి. ఎడమ దీపం నీడ కుడి పక్కకి, కుడి దీపం నీడ ఎడమ పక్కకి. రెండు నీడలూ ఒకే నలుపులో ఉంటే రెండు దీపాలూ సమానం. ఒకటి పలచబడితే ఆ నీడ వేసే దీపంలో లోపం ఉన్నట్టు. ఆ సాయంత్రం చిన్నాన్నను నిలబెట్టాం. గోడ మీద ఇద్దరు చిన్నాన్నలు, తారు పూసినంత నల్లగా, తేడా లేకుండా నిలబడ్డారు. "శబాష్‌రా," అని నాన్న నా వీపు మీద చరిచాడు. జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అందుకే ఆ రెండు నీడల సంగతి నాకు ముఖ్యం.

తర్వాత పెద్దవాళ్ళు పోరి చిన్నాన్నకు రెండో పెళ్ళి చేశారు. పలాస పక్క నుంచి పార్వతి పిన్ని వచ్చింది. నాకంటే ఏడాది పెద్ద, అంతే. కొత్త పెళ్ళికూతురు రైలు దిగి మా గుమ్మం ముందు నిలబడగానే మొదట చూసింది లారీ నుదుట ఉన్న సవతి పేరు. హిందీ రాదు కనుక ఏం రాశారని మా అమ్మను అడిగింది. అమ్మ చెప్పింది. పిన్ని ఇంకేమీ అడగలేదు. గుమ్మం ఎక్కింది. కొన్నాళ్ళకు, లారీకి ఎడమ వైపు దగ్గర దారి ఉన్నా చుట్టూ తిరిగి కుడివైపు నుంచే నీళ్ళకు వెళ్ళేది. నేనది గమనించాను. నేను అన్నీ గమనిస్తాను.

పెళ్ళయిన నెలకు చిన్నాన్న లారీ ముందు భాగానికి నీలం రంగు వేయించాడు. దీపాలు ఊడదీసి మళ్ళీ బిగించింది నేనే. ఆ వారమే ఎడమ దీపం తగ్గింది. ఆరిపోలేదు. ఒళ్ళు బాగాలేని మనిషి కన్నులా పసుపుపచ్చగా, నీరసంగా వెలిగేది. ఇలాంటి లోపానికి వరస తప్పకుండా వెతకాలి. ముందు రెండు బల్బులూ అటుదిటు మార్చాను. నీరసం బల్బుతోపాటు కుడికి పోలేదు, ఎడమనే ఉండిపోయింది. అంటే బల్బు మంచిదే. లోపలి అద్దం తుడిచాను. స్విచ్ నుంచి కొత్త వైరు లాగాను. ఏ మార్పూ లేదు. పైగా ఎడమ ఇండికేటర్ వేస్తే, అది మిణుకుమన్నప్పుడల్లా ఈ పెద్ద దీపం ఇంకాస్త తగ్గి, మళ్ళీ పెరిగేది. తగ్గి, పెరిగి. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా. వరసలోని ఆడవాళ్ళు అది చూసి చంటిపిల్లల్ని లోపలికి తీసుకుపోయేవారు.

నాన్నను అడిగాను. సోడాతో చేతులు రుద్దుకుంటూ, "ఎలుగు పోయే దారి అందరూ సూస్తార్రా. తిరిగొచ్చే దారి సూడు," అన్నాడు. కరెంటు దీపంలోకి వైరులో వెళ్తుంది. తిరిగి బ్యాటరీకి లారీ ఇనుప ఒంటి గుండా వస్తుంది. దీపం వెనక ఒక బోల్టు ఉంటుంది. తిరుగు వైరు అక్కడే ఇనుముకు అంటుకుంటుంది. ఇండికేటర్‌కూ అదే బోల్టు. అక్కడ ఏదైనా అడ్డుపడితే రెండు దీపాలూ ఆ ఇరుకులో తోసుకుంటాయి, అందుకే ఒకటి మిణుకుమంటే రెండోది ఊపిరి తీస్తుంది. దెయ్యం కాదు, భూతం కాదు. రంగు వేసినవాడు అక్కడ రంగు పూసి ఉంటాడనుకున్నాను. కానీ బిగించేముందు నేనే ఆ ఇనుమును గీకి తళతళలాడించాను. అదే అంతు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ బోల్టుకు స్పానర్ తగిలించాను. అర చుట్టు తిరిగిందో లేదో, వెనక నుంచి చెయ్యి వచ్చి స్పానర్ లాక్కుంది. చిన్నాన్న. మొహం పాలిపోయి ఉంది.

"దాని జోలికెల్లకు," అన్నాడు.

"అక్కడే ఉంది చిన్నాన్నా లోపం. రెండు నిమిషాలు."

"నానేటి సెప్పినాను? ఎల్లకు."

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఆయన్ని గోడ దగ్గర చూశాను. ఇంజన్ ఆపేసి, దీపాలు, ఎడమ ఇండికేటర్ వేసి, ముందు గొంతుక్కూర్చుని ఉండేవాడు. పొగలో ఆ ఎడమ వెలుగు పెరిగి తగ్గుతుంటే ఆయన పెదవులు కదిలేవి. ఒకరు చెప్పేది విని బదులిచ్చినట్టు, మధ్యలో ఆగేవాడు. అప్పుడు మా ఇంటి కిటికీ రెక్క చప్పుడు లేకుండా మూసుకునేది. లోపల పార్వతి పిన్ని ఉండేది.

అలాంటి రోజుల్లోనే సీపత్ దారిలో ముసురు సాయంత్రం ఎదురొచ్చిన ఎడ్లబండివాడు, ఒక్క దీపమే కనబడి మోటార్‌సైకిల్ అనుకుని దారి మధ్యకు వచ్చేశాడు. చిన్నాన్న లారీని పొలంలోకి దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. బండివాడు మాత్రం మా ఇంటిదాకా వచ్చి, చావు తప్పించుకున్న మనిషి అరిచినట్టు అరిచి వెళ్ళాడు. వారానికి, పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ వచ్చింది. షెడ్డు స్నేహితులు పాతిక మంది మా వరసలో విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నేను చారు వడ్డిస్తున్నాను. ఆ రోజు కూర గుమ్మడికాయ, ఉప్పు ఎక్కువైంది. ఎవరో లారీ సంగతి ఎత్తారు. చిన్నాన్న తల పైకెత్తకుండా, "ఏటి సేస్తాం, మా శంకరుగాడి సేతి సలవ అది. రెండు కళ్ళ బండినిస్తే ఒంటికన్ను సేసినాడు. ఇంకెప్పుడూ నా బండి మీద సెయ్యెయ్యకురా," అన్నాడు. పాతిక మందీ నవ్వారు. మా నాన్న కూడా మీసం కింద నవ్వాడు. ఎవరు ఎక్కడ కూర్చుని ఎంతసేపు నవ్వారో ఈ రోజుకీ చెప్పగలను. ఆ రోజు నుంచి నేను 'ఒంటికన్ను శంకర్రావు'ని. రైల్వేలో చేరితే నాకంటే ముందు ఆ పేరు షెడ్డుకు చేరింది. రిటైరైన రోజు దండ వేస్తూ కూడా ఒకడు ఆ మాట అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో నేను బాగుచేసిన దీపాలు ఎన్ని వేలో ఎవరూ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం నా మీటరు, స్పానర్లు, రెండు కొత్త బల్బులు, చుట్ట వైరు, ఇండికేటర్‌ను మిణుకుమనిపించే చిన్న డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళాను. చిన్నాన్న పోయి ఆరేళ్ళు. బండి నడవడం మానేసి ఇరవై ఏళ్ళయినా, ఆయన బతికుండగా దాన్ని అమ్మనివ్వలేదు. తుప్పు, తీగలు అల్లుకుని, టైర్లు భూమిలో కుంగిపోయి ఉంది. నుదుటి మీద పేరు మాత్రం చదవగలిగేలా ఉంది. పార్వతి పిన్ని ప్లాస్టిక్ కుర్చీలో పెరట్లో కూర్చుని ఉంది. కుర్చీ లారీకి కుడివైపునే ఉంది.

"ఏటి శంకరా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అంది.

"పిలిస్తే కదా పిన్నీ."

"పిలవకపోతే రావేటి? మీ ఇంటికి నానెన్నిసార్లు పిలవకుండా వొచ్చినాను!"

రమణ ఇన్వర్టర్ బ్యాటరీ మోసుకొచ్చి, "టీవీలో మ్యాచ్ పోయింది, ఆప్‌కే చక్కర్ మేఁ," అని తప్పు నా మీద వేశాడు. వాడి కారుకు దీపం పాడైతే దీపం గూడంతా తీసి పారేసి కొత్తది బిగిస్తారట, లోపల ఏముందో ఎవరూ చూడరట. గర్వంగా చెప్పాడు. మా కాలంలో చూడకుండా పారేయడం పాపం. ఇప్పుడు చూడాలనుకోవడం పిచ్చి.

పాత వైర్లను నమ్మలేక బ్యాటరీ నుంచి రెండు దీపాలకూ, ఎడమ ఇండికేటర్‌కూ నేరుగా కొత్త వైర్లు లాగాను. తిరుగు దారి మాత్రం పాతదే ఉంచాను. పొద్దు వాలేసరికి పని అయింది. దీపాలు వేశాను. ప్రహరీ గోడ మీద కుడి దీపం తెల్లగా పడింది. ఎడమది పసుపుపచ్చగా, నీరసంగా. యాభై ఏళ్ళ తర్వాత, కొత్త బల్బుతో, కొత్త వైరుతో, అదే చూపు. బల్బులు మార్చాను. నీరసం ఎడమనే ఉంది. మీటరు ఒక పుల్ల దీపం తిరుగు వైరుకు, ఇంకోటి లారీ ఇనుముకు పెట్టాను. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు పైకి లేచింది. అడ్డు అక్కడే ఉంది. చిన్న వైరు ముక్కతో ఆ రెంటినీ కలిపాను. ఎడమ దీపం ఒక్కసారి కళ్ళు తెరిచినట్టు భగ్గున వెలిగింది.

"ఆపీ!" అంది పిన్ని. కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను వైరు తీసేశాను.

రమణకు ఫోన్ వచ్చి ఇంట్లోకి వెళ్ళాడు. ఆ బోల్టు దీపం గూటి వెనక ఉంటుంది. కంటికి కనబడదు, వేళ్ళకే తెలుస్తుంది. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, తిప్పాను. బోల్టు, వైరు చివర, వాటితోపాటు ఇంకేదో మెత్తగా నా అరచేతిలో పడింది. వెలుగులోకి తెచ్చి చూశాను. నాలుగు మడతల చీర ముక్క. ఒకప్పుడు పసుపు, ఇప్పుడు తుప్పు రంగు. వైరు చివరకీ ఇనుముకీ మధ్య ఉండిపోయి, బోల్టు మర చుట్ల గుండా కొద్దిపాటి కరెంటే పాకేలా చేసింది.

"ఇదేంటి పిన్నీ?"

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చుంది. తర్వాత మెల్లగా, "పీట మీద గుడ్డలోది ఓ ముక్క సింపినాను," అంది. "ఆ ఇంట్లో ఏ మూలకెల్లినా అదే నన్ను సూసీది. బండి నీదే కదా, పేరు కూడా రాసినారు, ఎల్లి అందులో ఉండమ్మా, నా ఇల్లు నాకొదిలీ అని దండమెట్టినాను. నీవు దీపం ఊడదీసి, బోల్టు సగం బిగించి బువ్వకెల్లినావు. ఆ సందులో దూర్చీసినాను. నీవొచ్చి సూడకుండానే బిగించినావు."

ఎవరో చేసిన తప్పు అనుకుని యాభై ఏళ్ళు మోశాను. బిగించింది నా చెయ్యే. వేళ్ళకు మెత్తగా తగిలే ఉంటుంది. ఆకలి మీద పట్టించుకోలేదు.

"మరి పూజనాడు నన్ను అంతమందిలో అంటుంటే నోరు విప్పలేదేం?"

"పద్దెనిమిదేళ్ళ పిల్లని. సెప్పితే నన్ను పలాస రైలెక్కించీవోరు కాదేటి?"

"రమణకు చెప్తాను. అందరికీ చెప్తాను," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ మాట కోసమే వచ్చాను. అప్పుడు మడత విప్పాను. లోపల బోల్టు దూరిన కన్నం చుట్టూ, ఉంగరం వాషర్‌లా ఒదిగి, నల్లబడిన వెండి మట్టె ఉంది.

"మట్టె కూడా పెట్టావా?"

పిన్ని ముందుకు వంగింది. "ఏ మట్టె?" అంది.

చెయ్యి చాపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "నాను గుడ్డ ముక్కే పెట్టినాను శంకరా," అంది. "నా సవతి పోయినప్పుడు మట్టెలు ఆయనే తీసి దాసుకున్నాడు. నాకెప్పుడూ సూపించనేదు." దీపం గూటి వైపు చూస్తూ అంది, "నాను దాన్ని బయటికి పంపీసినాననుకున్నాను. ఆయన అక్కడ దానికి ఇల్లు కట్టినాడు."

అంటే నేను స్పానర్ పెట్టేలోపే ఆయన ఆ బోల్టు విప్పి చూశాడు. ఎవరు పెట్టారో గ్రహించాడు. తీయలేదు, తిట్టలేదు, ఆమెను అడగలేదు. మట్టె కూడా పెట్టి బిగించేశాడు. నా చేతి చలవ అని నలుగురిలో అన్నది నేను మళ్ళీ దాని జోలికి వెళ్ళకుండా ఉండడానికే. అంత ఒద్దికగా దాచుకున్నవాడు, ఆ మాట విస్తళ్ళ ముందు కాక గోడ దగ్గర ఒంటరిగా అని ఉండొచ్చు. అది మాత్రం నేను క్షమించను.

"తీసేస్తాను. తిన్నగా బిగిస్తే రెండూ సమానంగా వెలుగుతాయి," అన్నాను.

"తీసీసి ఏటి సేస్తావు? నీ జేబులో ఏసుకెల్తావా? ఈ ఇంట్లో ఎడతావా?" అంది. "రేపు అదెల్లిపోతాది. బండితోటే ఎల్లనీ. ఎలాగున్నాదో అలాగే కట్టీ నాయనా."

మట్టెను గుడ్డలో పెట్టాను. నాలుగు మడతలు వేశాను. వైరు చివరకీ ఇనుముకీ మధ్య ఉంచి, ఈసారి వేళ్ళకు మెత్తగా తగులుతున్నది తెలిసే, బోల్టు బిగించాను.

రమణ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "క్యా నిక్లా అన్నయ్యా? దొరికిందా?"

పిన్ని నా వైపు చూస్తోంది. పలాస రైలు దిగిన రోజున లారీ నుదుటి వైపు చూసిన చూపు అది.

"బోల్టు దగ్గర బిగింపు లోపం," అన్నాను.

"ఎవరిది?"

"నాదే."

"అంటే నాన్న అన్నది సహీ హై!" అని వాడు పగలబడి నవ్వాడు. ఎంతసేపు నవ్వాడో కూడా గుర్తుంది.

బ్యాటరీ విప్పేముందు ఆఖరిసారి దీపాలు వేశాను. ఎడమ ఇండికేటర్ కూడా. ఎడమ దీపం తగ్గి, పెరిగి, ఊపిరి తీయసాగింది. పిన్ని కుర్చీ పట్టుకుని లేచింది. నేను చూసినంతలో మొదటిసారి లారీ ఎడమ పక్కగా నడిచి, ముందుకు వచ్చి, సరిగ్గా మధ్యలో నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు. గోడ మీద ఎడమ పక్కన ఆమె నీడ నల్లగా, కదలకుండా ఉంది. కుడి పక్కన ఇంకో ఆడమనిషి నీడ, పలచగా, అదే ఎత్తు, అదే కొప్పు, కనబడుతూ చెరుగుతూ, చెరుగుతూ కనబడుతూ నిలబడింది. పిన్ని ఆ పలచటి నీడ వైపే తల తిప్పి చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. ఏమందో వినబడలేదు. మధ్యలో ఆగింది.

మా నాన్న పరీక్ష ప్రకారం ఆ రెండు నీడలూ సమానంగా లేవు. బాగుచేయడం నాకు తెలుసు. స్పానర్ నా చేతిలోనే ఉంది. సంచిలో వేసి, దారం లాగి మూతి కట్టేశాను.